రంగు మీరు చెప్పండి, బట్ట బిడ్డను చెప్పనివ్వండి

జూన్ దగ్గర పడితే మేడ్చల్‌లో దర్జీలకు ఊపిరి సలపదు. నా దుకాణం నిండా యూనిఫామ్ గుడ్డలే ఉంటాయి. లేత నీలం గళ్లు, మెరూన్ లాగులు, బూడిద రంగు స్కర్టులు. ఆ హడావుడిలో ఏటా ఎవరో ఒక తల్లి కుట్టిచ్చిన కొత్త చొక్కా పట్టుకుని తిరిగి వస్తుంది. "అక్కా, కొలత మంచిగనే ఉంది. వీడే ఏసుకుంటలేడు. మెడకాడ కరుస్తాందంటడు" అంటుంది. పక్కన నిలబడ్డ నాయనమ్మ ఊరుకోదు. "అంతా మారాం. రెండు తగిలిస్తే అదే ఏసుకుంటడు" అంటుంది. నేను చొక్కా తిరగేసి, లోపలి వైపు నా మెడకు రాసుకుని చూస్తాను. పిల్లవాడు చెప్పింది చాలాసార్లు నిజమే. అక్కడ కరిచేది ఒకటి ఉంటుంది.

ఆ పిల్లల తరఫున బడుల యాజమాన్యాలకు, విద్యాశాఖకు ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నాను. యూనిఫామ్ రంగు ఏదో మీరే చెప్పండి. కాలర్ ఉండాలా, జేబు ఎటు ఉండాలి, అదీ మీ ఇష్టమే. గుడ్డ ఏదన్నది మాత్రం దాన్ని పొద్దంతా ఒంటి మీద మోసే బిడ్డకు వదిలేయండి.

సొంతంగా దుకాణం పెట్టుకోకముందు నేను గుండ్లపోచంపల్లి అపెరల్ పార్కులో ఎగుమతి చొక్కాలు కుట్టే లైనులో పనిచేశాను. మెడ దగ్గర లేబుల్ వేసే మిషన్ మీద చాలాకాలం కూర్చున్నాను. ఆ లేబుల్ నేసేది పాలిస్టర్ దారంతో. రీలు నుంచి ముక్కలుగా తెంపేటప్పుడు పోగులు ఊడకుండా వేడి బ్లేడుతో కోస్తారు. వేడికి అంచు కరిగి గట్టిపడుతుంది. వేలితో తడిమితే పెద్దగా తెలియదు, ఎందుకంటే పనిచేసే చేతి వేళ్ల తోలు మందం. అదే అంచును మెడ వెనక వెంట్రుకలు మొదలయ్యే చోట అటూ ఇటూ ఆడించి చూడండి, తెలుస్తుంది. చవక బట్టల్లో ఇంకో సంగతి ఉంది. లేబుల్‌నీ కింది మడతనీ కంటికి కనపడని నైలాన్ దారంతో కుడతారు. గుడ్డ రంగు ఏదైనా ఒకే రీలు సరిపోతుందని. ఆ దారం కొస ముడి వేసిన దగ్గర సన్నని ముల్లులా పైకి లేచి ఉంటుంది. తల్లులు లేబుల్‌ను కత్తెరతో కత్తిరించి తెస్తారు. కత్తిరిస్తే కుట్టులో ఇరుక్కున్న పీలిక అలాగే మిగిలి, మునుపటికంటే ఎక్కువ గుచ్చుతుంది. కుట్టు ఊడదీసి లేబుల్‌ను మొత్తంగా లాగేసి, మెడ పట్టీని నూలు దారంతో మళ్లీ కుట్టాలి. ఐదు నిమిషాల పని. దానికి నేను డబ్బులు తీసుకోను.

అమెరికాలో హేన్స్ కంపెనీ 2002లోనే లేబుల్ లేని బనియన్లు తెచ్చింది. సైజు, ఉతికే పద్ధతి గుడ్డ మీదే అచ్చు వేస్తే సరిపోయింది. మామూలు మనుషులకే మెడ మీద ఆ ముక్క అంత చికాకన్నమాట. మరి స్పర్శను మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టుకునే ఒళ్లు ఉన్న పిల్లల సంగతేమిటి?

మా చెల్లెలి కొడుకు అలాంటి పిల్లవాడు. వాళ్లు ఉండేది శామీర్‌పేటలో, చెరువుకు దగ్గర్లోనే. చిన్నప్పటి నుంచీ వాడికి కొత్త బట్ట పడదు. పండక్కి పట్టు లాల్చీ తొడిగితే ఊపిరి బిగబట్టి ఏడ్చేవాడు. సాక్సు వేస్తే వేళ్ల దగ్గర కుట్టు తగిలి కాలు నేల మీద మోపేవాడు కాదు. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. 1984లో పెట్టినప్పుడు ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పుడు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. అంటున్నారు. అక్కడికి తీసుకెళ్లాకే వాడిది ఆటిజమని, బట్టల గొడవ అందులో భాగమని మాకు అర్థమైంది.

మనం పొద్దున చొక్కా తొడుక్కున్న కాసేపటికి అది ఒంటి మీద ఉన్న సంగతే మరిచిపోతాం. తోలు పంపే కబురును మెదడు ఇక పట్టించుకోదు. కొందరి మెదడు అలా పక్కన పెట్టలేదు. పొద్దున ఎనిమిదికి గుచ్చిన కుట్టు సాయంత్రం నాలుగింటికీ అంతే కొత్తగా గుచ్చుతుంది. ఒంటి మీద అది నడుస్తుండగా లెక్కలు చేయమంటే ఆ బిడ్డ ఏం చేస్తుంది? జీన్ ఐర్స్ అనే అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టు 1970లలోనే ఈ విషయం మీద పుస్తకాలు రాసింది. ఆటిజంతో పుట్టి ప్రొఫెసర్ అయిన టెంపుల్ గ్రాండిన్, చిన్నప్పుడు ఆదివారం చర్చికి తొడిగే గరుకు లంగాలు తనను ఎంత హింస పెట్టాయో స్వయంగా రాసుకుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథం కొత్త కూర్పులో స్పర్శ, శబ్దం, వెలుగు విషయంలో ఈ అతి స్పందనను ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చింది. ఆటిజం లేని పిల్లల్లోనూ ఇది ఉంటుంది. పెద్దవాళ్లలోనూ ఉంటుంది. షుగర్‌తో కాళ్ల నరాలు దెబ్బతిన్న ముసలివాళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. వాళ్లను మారాం చేస్తున్నారని ఎవరూ అనరు. పిల్లలను మాత్రమే అంటాం.

ఇక గుడ్డ విషయానికి వద్దాం. నాకు బాగా తెలిసింది అదే.

"ప్యూర్ కాటన్ కొనండి" అని అందరూ చెబుతారు. అది సగం సలహా. నూలులోనూ గరుకు నూలు ఉంటుంది. నూలుకు నంబరు ఉంటుంది. నంబరు పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది. 20, 30 నంబరు నూలుతో నేసిన గుడ్డ సంచీలకు, దుప్పట్లకు బాగుంటుంది. ఇలాంటి పిల్లల చొక్కాకు 60, 80 నంబరు కావాలి. ఖద్దరు అంటే మెత్తన అనుకుని కొన్నవాళ్లు కొందరు నా దగ్గరికి వచ్చి బాధపడ్డారు. మామూలు ఖద్దరులో పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఆ ఉబ్బులే కొందరు పిల్లలకు రాళ్లు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ముల్లుతో పత్తిని దువ్వి వడికే సన్న ఖద్దరు సంగతి వేరు, దాని ధరా వేరు. బడి చొక్కాకు అది అక్కర్లేదు. మంగళగిరి 80 నంబరు గుడ్డ, కాస్త సన్న కాంబ్రిక్, మల్‌మల్ చాలు. మల్ పలచన, ఒళ్లు కనపడుతుంది కాబట్టి రెండు పొరలు వేయాలి.

కొత్త నూలు గుడ్డ బిరుసుగా ఉండటానికి కారణం గంజి. మగ్గం మీద పోగులు తెగకుండా పడుగుకు గంజి పెడతారు. దుకాణంలో బిగువుగా కనపడాలని మళ్లీ పెడతారు. కుట్టకముందే గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, రెండు మూడు ఉతుకులు ఉతికి, నీడన ఆరేసి తెమ్మంటాను. కుంకుడు రసంతో ఉతికితే మరీ మంచిది. వాసన సబ్బులు, మెత్తదనానికి పోసే సెంటు ద్రవాలు వద్దు, ఈ పిల్లల్లో చాలామందికి వాసన కూడా పడదు. ముడత పడదని చెప్పి అమ్మే చొక్కాలకు సాధారణంగా రెజిన్ పూత ఉంటుంది. అందులోంచి ఫార్మాల్డిహైడ్ కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. సున్నితమైన తోలుకు దాన్ని దూరం పెట్టాలి.

మన పెద్దవాళ్లకు ఇదంతా తెలుసు. అప్పుడే పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ తొడగరు. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరను చింపి పొత్తిళ్లు చేస్తారు. పురిటి బిడ్డ తోలు ఓర్చుకోదని ఒప్పుకుంటాం. ఆరేళ్ల బిడ్డ తోలు కూడా ఓర్చుకోకపోవచ్చని ఒప్పుకోవడానికే మనకు కష్టం.

యూనిఫామ్‌ల కోసం నా బల్ల మీదికి వచ్చే గుడ్డలో ఎక్కువ భాగం టెరీకాటన్. సాధారణంగా అందులో 65, 67 పాళ్లు పాలిస్టరే. మామూలు గాలిలో నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుని ఉంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట ఒంటికీ గుడ్డకూ మధ్యనే నిలిచిపోతుంది. ఏప్రిల్‌లో 40 డిగ్రీల ఎండలో, రేకుల షెడ్డు కింద ప్రార్థనకు నిలబడ్డ పిల్లలను చూస్తే అది తెలుస్తుంది. డిసెంబరు పొడి చలిలో ఇంకో బాధ. చొక్కా విప్పేటప్పుడు చిటపటమని వెంట్రుకలు లేస్తాయి. మనకు అది వింత, మా చెల్లెలి కొడుకుకు దెబ్బ.

దుకాణదారు ప్యూర్ కాటన్ అన్నంత మాత్రాన నమ్మాల్సిన పని లేదు. అంచు నుంచి నిలువు పోగు ఒకటి, అడ్డం పోగు ఒకటి లాగి అగ్గిపుల్ల ముట్టించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లటి పూస అవుతుంది, చల్లారాక నలిపితే గట్టిగా ఉంటుంది. రెండూ కలిసినదైతే కొంత బూడిద, కొంత పూస. వెదురు గుడ్డ అని ఎక్కువ ధరకు అమ్ముతున్నది చాలావరకు రేయానే. వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన పోగు అది. మెత్తగా, చల్లగా ఉంటుంది, కాదనను. కానీ తడిస్తే బలం పోతుంది, ఒంటికి అంటుకుంటుంది. అంటుకునే గుడ్డంటే ప్రాణం పోయినంత పని అయ్యే పిల్లలున్నారు.

కాబట్టి ఎవరికి ఏది పడుతుందో ఇంకొకరు చెప్పలేరు. మా వాడితో నేను చేసింది ఇది. రకానికొక జానెడు ముక్క కత్తిరించి, అన్నీ ఉతికి ఆరబెట్టి, కళ్లు మూసుకోమన్నాను. అరచేతిలో పెట్టకుండా మోచేతి మడతలో, ఆ తర్వాత మెడ మీద ఆనించాను. పాపులిన్ ముట్టగానే భుజాలు చెవుల దాకా లేచాయి. టెరీకాటన్ ముక్కను నలిపితే వచ్చే గరగర శబ్దానికే తల తిప్పుకున్నాడు. బనియన్ గుడ్డ దగ్గర ఆగాడు. ఉతికిన మల్ రెండు పొరలు కలిపి ఆనిస్తే దాన్ని తీసుకుని చెంపకు అదుముకున్నాడు. "ఇది ఊకుంటది పెద్దమ్మా" అన్నాడు. మాటలు తక్కువ ఉన్న బిడ్డ. గుడ్డ ఊరుకోవాలి, అంతే వాడు అడుగుతున్నది.

ఇంకో రకం పిల్లలుంటారు. వాళ్లకు తేలిగ్గా తాకితే చికాకు, గట్టిగా అదిమితే హాయి. శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో గొర్లు కాసే కుర్మ, గొల్ల ఇళ్లలో నల్ల గొంగడి ఇప్పటికీ కనపడుతుంది. దక్కనీ గొర్రె ఉన్ని ముతక. పోగు 30 మైక్రాన్లకు మించి లావుంటే దాని కొస వంగకుండా తోలును పొడుస్తుంది, ఉన్ని దురద పెట్టేది అందుకే. అయినా నూలు దుప్పటి కప్పి దాని మీద గొంగడి వేస్తే ఆ బరువుకు నిద్రపోయే పిల్లవాణ్ణి నేను చూశాను. టెంపుల్ గ్రాండిన్ తన కోసం ఒళ్లంతా రెండు పక్కల నుంచి అదిమే యంత్రాన్నే తయారుచేసుకుంది. అలాంటి బిడ్డకు వదులు చొక్కా కింద ఒంటికి పట్టి ఉండే బనియన్ కుట్టి ఇవ్వాలి. బిగువు వద్దనే బిడ్డకు చంకల దగ్గర ఒక అంగుళం ఎక్కువ వదలాలి.

కుట్టు గురించి తోటి దర్జీలకు రెండు మాటలు. ఓవర్‌లాక్ కుట్టును లోపల ఉంచి వదిలేయకండి. దానికి మామూలుగా వాడే సింథటిక్ దారం మెత్తటి నూలు గుడ్డకంటే గరుకు. అంచులు లోపలికి మడిచి పైన కుట్టండి. మడత లావైపోతుందనుకుంటే చొక్కాను తిరగేసి, కుట్టు బయటికి వచ్చేట్టు కుట్టండి. చూసేవాళ్లకు కొంచెం వింతగా ఉంటుంది, వేసుకునేవాళ్లకు సుఖంగా ఉంటుంది. కాలర్‌లో అతికించే గట్టి క్యాన్వాస్ తీసేసి అదే గుడ్డ ఇంకో పొర వేయండి. లాగు నడుముకు ఎలాస్టిక్ ఒంటికి తగలకుండా గుడ్డ గొట్టంలో వేయండి, లేదా నాడా పెట్టండి. పుట్టినరోజు ఫ్రాకుల్లో నడుము దగ్గర నెట్ గుడ్డ అంచు ఉంటుంది, దాని మీద నూలు పట్టీ వేయకుండా ఏ ఆడపిల్లకూ ఇవ్వకండి. పట్టు కావాల్సిందేనని పెద్దవాళ్లు పట్టుబడితే గద్వాల చీర మంచి దారి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. జరీ అంచు కింది వైపుకే వచ్చేట్టు కత్తిరిస్తే బిడ్డ ఒంటికి నూలే తగులుతుంది.

ఇంత చేసి పంపినా మా చెల్లెలి కొడుకును బడి గేటు దగ్గర ఆపారు. రంగు అదే, నమూనా అదే, జేబు మీద బడి ముద్ర కూడా కుట్టాను. గుడ్డ మెరుపు తేడాగా ఉందన్నారు. "ఒక్కరికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతరు మేడమ్" అని చెల్లెలితో చెప్పారు. ఆ మాటకు నా జవాబు ఒక్కటే. అడగనివ్వండి. మన ఎండలకు అందరు పిల్లలూ నూలు వేసుకుంటే నష్టపోయేది ఎవరు?

ఖర్చు మాట నాకు తెలియనిది కాదు. టెరీకాటన్ చవక. రాత్రి ఉతికితే పొద్దునకు ఆరుతుంది, ఇస్త్రీ అడగదు, రెండేళ్లు ఆగుతుంది. కూలికి పోయే తల్లికి రెండు జతలతో ఏడాది గడవాలంటే అది పెద్ద ఆసరా. ఆమెను నూలే కొనమని నేను అనను. ఆమెకు ఆ గుడ్డే ఉండనివ్వండి. పడని బిడ్డకు మాత్రం వేరే గుడ్డ వేసుకునే వీలుండాలి. అంత గుడ్డ కొనలేకపోతే మెడ, చంకలు, నడుము, ఈ మూడు చోట్ల లోపల బనియన్ గుడ్డ వేస్తే చాలావరకు సరిపోతుంది. పాత బనియన్ ఒకటి చాలు దానికి.

చొక్కాతో అయిపోదు. మెడలో ఐడీ కార్డు తాడు పాలిస్టర్ పట్టీ, రోజంతా మెడ మీద రాసుకుంటూ ఉంటుంది. దాన్ని జేబుకు క్లిప్పుతో పెట్టుకోనిస్తే ఏం పోతుంది? టై ఎవరి కోసం? ఆటల రోజు వేసే హౌస్ టీషర్టు ఎద మీద రబ్బరు అచ్చు ఉంటుంది, లోపలి వైపు అట్టలా గట్టిపడుతుంది. సాక్సు తిరగేసి వేసుకుంటే వేళ్ల కుట్టు బయటికి పోతుంది. దానికి కూడా టీచర్లు తిట్టిన పిల్లలున్నారు.

ఈ వెసులుబాట్లు ఎవరి దయా కావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఉంది. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు తీసుకునే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఒక్కో బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి. ర్యాంపు, లిఫ్టు ఎలాగో మెత్తటి చొక్కా కూడా సర్దుబాటే. సర్టిఫికెట్ చూపిస్తేనే అని పట్టుబట్టవద్దని నా విన్నపం. పేరు పెట్టని ఇబ్బంది ఉన్న పిల్లలు ఎక్కువ, సర్టిఫికెట్ కోసం తిరిగే ఓపిక ఉన్న తల్లిదండ్రులు తక్కువ.

పాలిస్టర్ తప్పని చోట్లు ఉన్నాయి. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో మందులు, టీకాలు తయారుచేసే గదుల్లోకి నూలు బట్టతో పోనివ్వరు. నూలు నుంచి రాలే నుసి మందులో పడకూడదు కాబట్టి సన్న పాలిస్టర్ పోగుతో నేసిన కవరాల్ వేసుకోవాల్సిందే. అక్కడ పనిచేసే ఒకమ్మాయి ఆ లోపలి కుట్లు ఓర్చుకోలేక ఉద్యోగం మానేద్దామనుకుంది. సూపర్‌వైజర్‌ను అడిగి, ఒప్పుకున్నాక, లోపల వేసుకోవడానికి కుట్లు బయటికి ఉండే మెత్తటి ఇన్నర్ కుట్టించుకుంది. అక్కడ నియమానికి కారణం ఉంది, కారణం ఉన్నచోట కూడా దారి దొరికింది. బడి చొక్కా మెరుపుకు ఏ కారణమూ లేదు.

సర్కారు బడుల సంగతి నిజానికి ఇంకా తేలిక. సమగ్ర శిక్ష కింద పిల్లలకు రెండు జతలు ఉచితం, కేంద్రం లెక్క బిడ్డకు 600 రూపాయలు. గుడ్డ చాలావరకు సిరిసిల్ల మరమగ్గాల నుంచి వస్తుంది. కుట్టేది 2024 నుంచి మన మహిళా సంఘాల అక్కాచెల్లెళ్లు. నేయించేదీ, కుట్టించేదీ ప్రభుత్వమే కాబట్టి సర్దుబాటు కూడా వాళ్ల చేతుల్లోనే ఉంది. కొలతలు తీసుకునే కాగితంలో ఛాతీ, నడుము, పొడవు అని గళ్లుంటాయి. అక్కడే ఇంకో గడి పెట్టండి, "గుడ్డ పడుతుందా?" అని. పడదన్న పిల్లల కోసం అదే రంగులో నూలు గుడ్డ కొన్ని తానులు వేరుగా నేయించండి. సిరిసిల్ల మగ్గాలకు నూలు నేయడం కొత్త కాదు. సంఘాల్లో కుట్టేవాళ్లకు లేబుల్ లేకుండా, కుట్టు తగలకుండా ఎలా కుట్టాలో నేర్పడానికి ఒక పూట చాలు. పిలిస్తే మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో నేనే వచ్చి నేర్పుతాను.

కొలతలు ఇవ్వడానికి ఈసారి పిల్లలను తెచ్చే తల్లులారా, పిల్లలు ఇంట్లో ఎప్పుడూ విడవకుండా వేసుకునే పాత చొక్కా ఒకటి ఉంటుంది కదా, వెలిసిపోయినా చిరిగినా సరే, దాన్ని కూడా తెండి. ఏ గుడ్డ కొనాలో, ఎంత వదులు పెట్టాలో, కుట్టు ఎటు తిప్పాలో దాన్ని చూసి చెబుతాను.